అమ్మకు చదివి వినిపించిన నవలలు

ఈ మధ్య వస్తున్న నవలల మీద నాకు చాలా కోపం ఉంది. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నొచ్చుకోవద్దు. గట్టున కూర్చుని రాళ్ళు వేసే రకం కాదు నేను. ప్రతి పుస్తకం కొనుక్కుని, అట్ట నుంచి అట్ట దాకా, అదీ పైకి, గొంతు పెట్టి చదువుతాను. అమ్మకు గ్లకోమాతో చూపు పోయి కొన్నేళ్ళయింది. కళ్ళున్నంత కాలం ఆవిడ చేతిలో ఏదో ఒక పుస్తకం ఉండేది. నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో రిటైరయ్యాక, రాజమండ్రిలో మా ఫ్లాటులో, భోజనాలయ్యాక రోజూ ఆవిడకు చదివి వినిపించడం నా డ్యూటీ అయింది. ద్రాక్షారామం గుడికి పంపించడానికి పత్తి వత్తులు చేసుకుంటూ వింటుంది. చూపు లేకపోయినా వత్తికీ వత్తికీ తేడా ఉండదు.

పైకి చదివితే నవల బండారం బయటపడుతుంది. మనసులో చదువుకుంటే కళ్ళు దాటేసే చెత్తంతా నాలుకకు తగులుతుంది. ఒకే వాక్యాన్ని మూడు రకాలుగా తిప్పి రాసి పేజీ నింపినవాడు అక్కడ దొరికిపోతాడు. అమ్మ ఊరుకోదు కూడా. "ఈ ముక్క ఇందాక చెప్పాడుగా, ముందుకెళ్ళు" అంటుంది.

ఇప్పుడు గోదావరి నవల అని ఒకటి బయల్దేరింది. అట్ట మీద పడవ, పడవ వెనక కొబ్బరిచెట్లు. మొదటి అధ్యాయంలో వర్షం, రెండోదానిలో పులస పులుసు, మూడోదానిలో ఒక మామ్మగారు పూతరేకు పొర విప్పుతూ జీవితం అంటే ఏమిటో చెబుతుంది. అందరూ అందరినీ అండి అండి అనుకుంటారు. ఒకదానిలో అయితే పాలేరు గేదెను కూడా అండి అన్నాడు. అమ్మ వత్తి చేస్తున్నదల్లా ఆగి, "ఇంత మర్యాదస్తులు మన ఊళ్ళో ఎప్పుడున్నారే? గట్టు తగాదాల్లో కర్రలు పట్టుకుని తిరిగింది వీళ్ళు కాదూ?" అంది. నాకు నవ్వొచ్చింది గానీ ఒళ్ళు కూడా మండింది. మమ్మల్ని ముద్దుగా చేసి అమ్ముకుంటున్నారు.

ఇంకో పుస్తకంలో అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం మానేసి వచ్చి పచ్చళ్ళ వ్యాపారం పెడుతుంది. ఏడుస్తుంది, ఆవకాయ కలుపుతుంది, మళ్ళీ ఏడుస్తుంది. పొద్దున కలిపిన ఆవకాయ సాయంత్రానికి సీసాలకెక్కి సింగపూరు వెళ్ళిపోయింది. "మూడో రోజు తిరగగలపకుండానే పంపించేసిందా? తిన్నవాళ్ళు ఏమయ్యారో కాస్త చూడు" అంది అమ్మ. ఆ పుస్తకానికి పాఠకుల గ్రూపుల్లో నీరాజనాలు. ఈ గ్రూపుల సంగతి వేరే చెప్పాలి. పొద్దున పార్సిల్ అందిందని ఫొటో పెడతారు, మధ్యాహ్నానికల్లా కన్నీళ్ళు ఆగలేదండీ అని రాస్తారు. ఎప్పుడు చదివారు, ఎప్పుడు ఏడ్చారు? నేను ఒకసారి సగం నుంచి సాగదీశారు అని రాస్తే, గ్రూపు నడిపే ఆయన నాకు విడిగా మెసేజ్ పెట్టాడు. రచయితగారు కూడా గ్రూపులో ఉన్నారండి మేడమ్, కాస్త చూసి రాయండి అని. చూసే రాశాను నాయనా అన్నాను. ఆ తర్వాత ఏ పుస్తకం ఎలా ఉందని నన్ను ఎవరూ అడగడం లేదు.

అన్నీ అలాంటివే అంటే అన్యాయం. మండపేట రైసు మిల్లులో లోడెత్తే మనిషి భార్య మీద ఒక చిన్న నవల వచ్చింది. అట్ట కూడా బాగుండదు. ఆఖరి అధ్యాయం అమ్మ మర్నాడు మళ్ళీ చదివించుకుంది. దాని గురించి ఎక్కడా ఒక్క మాట లేదు. రాసినవాళ్ళకు ఫోన్లో వీడియోలు చేయడం రాదు కాబోలు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ మధ్య తెగ అమ్ముడుపోయిన గోదావరి నవల ఒకటి రాసింది మా పెద్దమ్మ మనవడే. నాకు కొడుకు వరస, అమ్మకు మనవడి వరస. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ఏడాది కిందట రీసెర్చ్ అని మా ఇంటికొచ్చి నాలుగు రోజులున్నాడు. పొద్దున్నే పెసరట్లు తిని, ఫోను మంచం మీద ఆన్ చేసి పెట్టి, చిన్నమ్మమ్మా పాత కబుర్లు చెప్పండి అని కూర్చునేవాడు. ముసలావిడతో కూర్చుని మాట్లాడే కుర్రాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారని నేనూ మురిసిపోయాను. వాళ్ళను వదిలేసి బజారు పనులు చూసుకునేదాన్ని.

నాకొక అన్నయ్య ఉండేవాడు. నేను పుట్టకముందే, ఐదేళ్ళవాడు, మా ఊరి కాలవలో పోయాడు. ఈ ఒక్క ముక్క తప్ప ఇంట్లో ఎప్పుడూ ఎవరూ ఏమీ చెప్పలేదు. అమ్మ అసలు ఆ ఊసే ఎత్తదు. అడిగితే ఏమవుతుందోనని నేనూ అడగలేదు. అలాంటిది, పుస్తకం అచ్చయి వచ్చాక నేను ఒక్కదాన్నీ కూర్చుని ముందుగా చదువుతుంటే, పన్నెండో అధ్యాయంలో అన్నయ్య కనిపించాడు. వేసవి సెలవులు, మే నెల, ఇంటి నిండా చుట్టాలు. తల్లి వాకిట్లో నులక మంచం మీద పడుకుని నవల చదువుతూ ఉంటుంది. కథ మంచి పట్టులో ఉంది. పిల్లాడు రెండుసార్లు అమ్మా అని పిలుస్తాడు. ఊ అంటుంది గానీ తల తిప్పదు. అలాగే కునుకు పట్టేస్తుంది, పుస్తకం గుండెల మీద ఉంటుంది. కాలవలోంచి పిల్లాణ్ణి తెచ్చి ఆ మంచం పక్కనే పడుకోబెడతారు.

పుస్తకం మూసేశాను. మా చుట్టాల్లో ఎవరు చదివినా ఆ తల్లి ఎవరో ఇట్టే చెప్పేస్తారు. పుస్తకాల పిచ్చిలో కన్నకొడుకును మింగేసింది అని అచ్చేసి ఊరంతా పంచిపెట్టినట్టే కదా? అదే నిజమేమో నాకు తెలియదు. నిజమైనా కాకపోయినా, అమ్మ చెవిన ఆ అధ్యాయం పడకూడదు. ఆ రోజు నుంచి నాకు అదొక్కటే పట్టుదల.

పుస్తకావిష్కరణ రాజమండ్రిలోనే పెట్టారు. అమ్మ వస్తానంది. హాలు పై అంతస్తులో ఉంది, లిఫ్టు పనిచేయడం లేదని అబద్ధమాడి నేనొక్కదాన్నీ వెళ్ళాను. వేదిక మీద ఏడుగురు. అందరికీ శాలువాలు. అందులో ఒకాయన ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరైన పెద్దమనిషి. పన్నెండో అధ్యాయం గురించి చెబుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మన కాలవలను, మన తల్లులను ఇంత బాగా పట్టుకున్న రచయిత ఇంకొకరు లేరన్నారు. చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. అంతకుమించి ఏం చేశానని అడిగితే ఏమీ చేయలేదు, టిఫిను కూడా తినకుండా వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ కనిపెట్టుకుని ఉంది. "పుస్తకం తెచ్చావా? మొదలుపెట్టు" అంది. ఇంకా రాలేదు, అయిపోయాయట, మళ్ళీ వేస్తున్నారట అని కొన్నాళ్ళు నెట్టుకొచ్చాను. ఈలోగా కింద ఫ్లాటావిడ వచ్చి, "మీ మనవడి పుస్తకం మీ అమ్మాయిగారే కదండీ నాకిచ్చారు, ఎంత బాగుందో" అని చెప్పి పోయింది. ఇంట్లో ఉంచుకోలేక ఆవిడకిచ్చింది నేనే, వెళ్ళి వెనక్కి తెచ్చుకున్నాను. ఇక చదవక తప్పలేదు. పదకొండు అధ్యాయాలు నెమ్మదిగా చదివాను. పన్నెండు రాగానే ఆ పేజీలన్నీ ఒక్కసారి తిప్పేసి పదమూడు అందుకున్నాను.

"అదేంటే, గుప్పెడు పేజీలు తిప్పావు" అంది అమ్మ. "అక్కడేం ఉందో నాకు తెలుసు. చదువు."

చదివాను. పాలసీ కాగితం చదివినట్టు చదివాను. నవల చదివే తల్లి దగ్గర ఆగబోతే, ఊ అని చేత్తో సైగ చేసింది. అయిపోయాక తలెత్తి చూశాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవడం లేదు. చేతిలో పత్తి అలాగే ఉంది.

"ఏ నెలన్నాడు?" అని అడిగింది.

"మే నెల. వేసవి సెలవులు."

"మే నెలలో కాలవలో నీళ్ళెక్కడివే?"

నిజమే కదా. ఎండాకాలం వస్తే ఆనకట్ట దగ్గర నీళ్ళాపి కాలవలు కట్టేస్తారు. పూడికలు తీయడం, లాకుల మరమ్మతులు అన్నీ అప్పుడే. మళ్ళీ జూన్‌లో నాట్లకు నీళ్ళు వదిలేదాకా కాలవంతా ఎండిపోయి ఉంటుంది. మే నెలంతా మేం ఆ కాలవలోనే ఆడుకునేవాళ్ళం, కోడిపెంటకూ కంపకూ తప్ప దేనికీ భయపడేవాళ్ళం కాదు. ఈ డెల్టాలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నాకు తెలుసు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏటా దగ్గరుండి ఆ కాలవలు కట్టించిన ఇంజనీరుగారికి తెలుసు. అంతమందిమి చదివి, కళ్ళు తుడుచుకుని, చప్పట్లు కొట్టి, ఆ ఎండిన కాలవలో పిల్లాణ్ణి ముంచేశాం.

అప్పుడు చెప్పింది అమ్మ. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"జూన్‌లో, కొత్త నీళ్ళొచ్చిన రోజు. ఊరంతా గట్టు మీదే ఉంది. ఎర్రటి నీళ్ళు నురగలు కక్కుతూ వస్తాయి కదా, చూస్తానని వాడే గోల. కొత్త నీళ్ళకు పసుపూ కుంకుమా వెయ్యాలి. వాడి చెయ్యి పట్టుకునే ఉన్నాను. పొట్లం విప్పడానికి రెండు చేతులూ కావాలి కదే."

చేతిలో వత్తి పూర్తి చేసి మళ్ళీ అంది. "పుస్తకమా? ఆ రోజుల్లో మీ నాయనమ్మ నన్ను పుస్తకం ముట్టుకోనిస్తేగా. వాడు పోయాకే చదవడం మొదలెట్టాను. ఇంకేం చెయ్యాలో తెలీక. ఇదంతా ఆ అబ్బాయికి చెప్పాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ అబ్బాయి మీదా, నిజం చెప్పాలంటే అమ్మ మీద కూడా. ఇన్నేళ్ళు నా దగ్గర ఉండి, నా చేతి అన్నం తిని, నాకు చెప్పని మాట నాలుగు రోజులకొచ్చిన వాడికి చెప్పింది. "నాకెందుకు చెప్పలేదమ్మా" అన్నాను. "నువ్వు అడగలేదుగా. వాడు అడిగాడు" అంది.

తర్వాత నెలలో అతనే వచ్చాడు. తాపేశ్వరం కాజాల పెట్టె పట్టుకుని, వెబ్ సిరీస్ వాళ్ళు అడుగుతున్నారు చిన్నమ్మమ్మా అంటూ. నేను కుర్చీ కూడా చూపించలేదు. "నవల చదువుతూ నిద్రపోయిన తల్లి నీకెక్కడ దొరికింది?" అని అడిగాను.

"అది ఫిక్షన్ పిన్నీ. తల్లికి గిల్ట్ లేకపోతే క్యారెక్టర్ నిలబడదు."

"గిల్ట్ లేదని నీకెవరు చెప్పారు? ఉన్నదున్నట్టు విన్నావుగా. పొట్లం విప్పడానికి చెయ్యి వదిలింది, అది నీకు చాలలేదా?"

"అందులో డ్రామా లేదు పిన్నీ" అన్నాడు. నిజాయితీగానే అన్నాడు. అదే నాకు ఎక్కువ మంట.

ఇంకా ఏదో అనబోతుంటే అమ్మ నన్ను ఆపింది. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, మే నెలలో కాలవలు కట్టేస్తారు నాన్నా, నీళ్ళుండవు అని చెప్పింది. అతను నాలిక కరుచుకున్నాడు. "అయ్యో, పప్పులో కాలేశాను చిన్నమ్మమ్మా. అంతమంది చదివారు, ఒక్కరూ చెప్పలేదు. రెండో ముద్రణలో జూన్ చేసేస్తాను."

"వద్దు నాన్నా, మార్చకు" అంది అమ్మ. అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నా గురించి ఏం రాసుకున్నా ఫరవాలేదు. మే అనే ఉంచు. ఎండిపోయిన కాలవలో పిల్లాడికేమవుతుంది? ఆడుకుని వచ్చేస్తాడు."

అతను నా వైపు చూశాడు. ఆవిడకు వయసు మీద పడిందనుకున్నాడో ఏమో, సరే చిన్నమ్మమ్మా అని, కాళ్ళకు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

రెండో ముద్రణ వర్షాకాలంలో వచ్చింది. ఒక కాపీ పోస్టులో పంపించాడు. ముందుమాటలో, చిన్న పొరపాటు ఎత్తి చూపిన మా చిన్నమ్మమ్మగారికి కృతజ్ఞతలు అని ఉంది. పన్నెండో అధ్యాయం తీసి చూశాను. నులక మంచం అలాగే ఉంది, గుండెల మీద పుస్తకం అలాగే ఉంది. నెల మాత్రం మారింది. కాలవ నిండా నీళ్ళొచ్చాయి.

"కొత్త ముద్రణేనా? ఆ నెల అలాగే ఉంచాడా?" అంది అమ్మ.

"ఉంచాడమ్మా" అన్నాను.

"ఏదీ, ఆ ముక్క చదువు."

జూన్ అని అచ్చయిన చోట మే అని చదివాను.