సాయిలు ఊరికి, కాలువ గట్టు మీదుగా

యుద్ధం ముగిసి బర్మా నుంచి నిజామాబాదు చేరాక నేను చేయదలచుకున్న మొదటి ప్రయాణం బాన్సువాడ దగ్గరి ఒక పల్లెకు. ఆ ఊరి సాయిలు, నేను ఒకే పటాలంలో లారీలు నడిపాం. మలేరియాతో నేను పడిపోయినప్పుడు, బాంబులు పడుతున్న దారిలో నన్ను భుజాన వేసుకుని దవాఖాన డేరాకు చేర్చింది అతనే. గాయపడిన ఇంకొకరిని తేవడానికి మళ్ళీ వెళ్ళాడు. అక్కడే పోయాడు. మరునాడు జ్వరంతోనే లేచి వెళ్ళి, అందరితో పాటు అతని మీద మట్టి వేశాను. ఈ సంగతి అతని తల్లికి నా నోటితో చెప్పాలి. ఒంట్లో సత్తువ వచ్చేసరికి వరికోతల కాలం అయింది.

నిజామాబాదులో పొద్దున్నే బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు ఎక్కాను. పెట్రోలు కరువు ఇంకా తీరలేదు. కిరాయి రూపాయిలోపే. వర్ని దగ్గర కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతులు పొలాల్లో కుప్పలు వేస్తున్నారు. చెరకు బండ్లు ఎదురైన ప్రతిచోటా ఆగుతూ, ఎత్తు వచ్చినప్పుడల్లా మమ్మల్ని దింపి తోయిస్తూ బస్సు మధ్యాహ్నానికి బాన్సువాడ చేరింది. బజారులో జొన్నరొట్టె, పప్పు తిని, నిజాంసాగర్ వైపు కాలువ గట్టు వెంట వెళ్ళడానికి రాజన్న అనే అతని ఎడ్లబండి మాట్లాడుకున్నాను.

"ఎవలింటికి అన్నా?"

"సాయిలు వాళ్ళింటికి. పటాలంల చేరిండు గదా."

రాజన్న ఎడ్ల నడక తగ్గించాడు. "పోశవ్వ ఇంటికా? కొడుకు సచ్చిండని సర్కారోళ్ళు జెప్పి పోయిన్రు. అవ్వ ఇనలే. ఎవలు జూసిన్రు అంటది. ఇంకా పిట్టకు గూడ వెట్టలే."

పోయినవారికి అన్నం పెట్టి కాకి ముట్టేదాకా చూడటం మా వైపు ఆచారం. అది చేస్తే కొడుకు లేడని ఒప్పుకున్నట్టే.

"నన్ను జూసి ఏమంటదో" అన్నాను.

"ఫికర్ జెయ్యకు. గాని అబద్ధం జెప్పకు."

పోశవ్వ వాకిట్లో వడ్లు చెరుగుతోంది. సాయిలు ముక్కే ఆమెది. నేనెవరో చెప్పాను. చేట పక్కన పెట్టి నిలబడింది.

"నువ్వు జూసినవా?"

"జూసిన అవ్వా." నన్ను ఎలా మోసుకొచ్చాడో, మళ్ళీ ఎందుకు వెళ్ళాడో అంతా చెప్పాను.

"మట్టి ఎవలేసిన్రు?"

"నేను గూడ ఏసిన."

"ఒక్కడే ఉన్నడా ఆడ?"

"లేదవ్వా. సచ్చిపోయిన మా పటాలమోళ్ళు గూడ పక్కపొంటే ఉన్నరు."

ఆమె కూలబడి ఏడ్చింది. నా కొడుకు పోయి నువ్వెట్ల బతికినవని అడుగుతుందని దారంతా భయపడ్డాను. చాలాసేపటికి ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"గీ చేతులు నా కొడుకుకు మట్టేసినయ్. సల్లగుండు బిడ్డా. ఇయ్యాల ఈడనే ఉండు."

మరునాడు పొద్దున ఆమె అన్నం, కోడికూర వండింది. ఊరివాళ్ళు వెంట రాగా, కాలువ గట్టు మీద విస్తరి పెట్టాం. తుమ్మచెట్టు మీద కాకులున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. ఎండ ఎక్కింది. "ఏం గావాలె కొడుకా?" అని పోశవ్వ మళ్ళీ మళ్ళీ అడుగుతోంది. నాకు తోచింది ఒక్కటే. విస్తరి ముందు మోకరిల్లాను.

"సాయిలూ, అవ్వ గురించి ఫికర్ వెట్టుకోకు. ఏటేటా నేనొస్త."

కాసేపటికి ఒక కాకి దిగి మెతుకు ముట్టింది.

"తిన్నడు" అంది పోశవ్వ. ఇంటికి వచ్చి, నా పక్కన కూర్చుని తానూ అన్నం తింది.

ఇవాళ నేను తింటున్న అన్నం, చూస్తున్న పొద్దు సాయిలు ఇచ్చినవి. కృతజ్ఞత చెప్పడానికి వెళ్ళిన నాకు, నాదని చెప్పుకోవడానికి ఒక తల్లి కూడా దొరికింది. దూరదేశాల మట్టిలో ఉండిపోయిన మన దోస్తుల ఇళ్ళు ఇలాంటి పల్లెల్లో ఇంకా ఎన్నో ఉన్నాయి. వెళ్ళదలచినవారికి ఒక్క మాట: ఆ రోజే తిరిగి రావాలని బస్సు చూసుకుని వెళ్ళకండి. రాత్రికి ఉండేలా వెళ్ళండి. ఆ తల్లులు అడగాలనుకున్నవి ఒక్క పూటలో తెమలవు.