క్లిప్పు తీసిన గొంతు

ఆయన్ని వీధిలో అందరూ రోబో మామ అంటారు. అసలు పేరుతో పోస్ట్‌మ్యాన్‌కు తప్ప ఎవరికీ పనిలేదు. చేసేది డబ్బింగ్. తెర మీద ఎవరో పెదాలు కదుపుతుంటే చీకటి గదిలో నిలబడి మాటలు చెప్పే ఉద్యోగం. పంతొమ్మిదేళ్ళ కిందట ఒక అంతరిక్షం సినిమాలో ఓడ నడిపే రోబోకి గొంతు కావాలన్నారు. ఆ రోబోకి నోరు లేదు. పెదాలతో కలిపే బాధ తప్పింది, హాయి అనుకుని ఒప్పుకున్నాడు. ఎంత అమాయకుడో పాపం!

గొంతు ఇనుములా మోగాలని సౌండ్ ఇంజనీరు పట్టుబట్టాడు. మిషన్లు ఎన్ని తిప్పినా కుదరలేదు. చివరికి ఈయనకే విసుగొచ్చి, బయట తీగ మీద ఆరేసిన తువ్వాలు క్లిప్పు లాక్కొచ్చి ముక్కుకి పెట్టుకున్నాడు. నోటికి స్టీలు గ్లాసు అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. ఇంజనీరు కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. ఆ గంతే ఈయన కొంప ముంచింది.

సినిమా విరగాడింది. రెండో భాగం మొదలుపెట్టేముందు కంపెనీ వాళ్ళు ఒక కాగితం తెచ్చారు. కథ పూర్తయ్యేదాకా ఈ గొంతు ఇంకే సినిమాలోనూ వినపడకూడదట. నెలనెలా జీతం ఇస్తారట. ముందూ వెనకా చూడకుండా సంతకం గీకేశాడు. అంతకుముందు హీరోల అన్నలకీ, పోలీసు అధికారులకీ, ఒకసారి ఏకంగా రాజుగారికీ గొంతిచ్చిన మనిషి! ఇక అప్పట్నించీ అదే గది, అదే క్లిప్పు. ఆ గదికి కిటికీ ఉండదు. గోడలకి మందపాటి గుడ్డ కొట్టి ఉంటుంది. చప్పుడవుతుందని ఫ్యాను కూడా ఆపేస్తారు. చెమటలు కక్కుతూ, ముక్కు మూసుకుని, మూడో భాగం, నాలుగు, అయిదు...

పోనీ, బయటైనా వదిలారా? కూరల కొట్టు దగ్గర "రోబో మామా, ఒక్క డైలాగ్!" బస్సులో "రోబో మామా, మా ఆవిడకి ఫోన్‌లో చెప్పండి!" పళ్ళ డాక్టరైతే నోరు తెరిపించి మరీ, "ఆ గొంతుతో ఒక్కసారి 'ఆ' అనండి సార్" అన్నాడు. కాదనడం చేతకాని మెతక మనిషి. అడిగినవాళ్ళందరికీ, క్లిప్పు లేకపోయినా ముక్కు బిగబట్టి చెప్పేవాడు.

ఆ గొంతును ఒప్పుకోనిది తల్లి ఒక్కతే. ఆవిడకి చూపు పోయి చాలాకాలమైంది. ఆవిడకి సినిమా అంటే వినడమే. మొదటి భాగం చివరిదాకా విని, "నీ గొంతేదిరా అందులో?" అంది.

"ఆ రోబో నేనేనమ్మా."

"అది నువ్వేంటి, నీ మొహం! ఎవరో రేకు డబ్బాలో తలపెట్టి మాట్లాడుతున్నాడు."

మూడో భాగం తర్వాత సినిమాకి రావడమే మానేసింది. "నా కొడుకు గొంతు వినపడే సినిమా వస్తే చెప్పు, అప్పుడొస్తాను. ఈలోగా పోతే నా ఖర్మ" అంది. ఆ మాట ఆయన గుండెల్లో ముల్లులా దిగింది.

అందుకే ఎనిమిదోదీ, ఆఖరిదీ మొదలైందనగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. మొదటి భాగంలోనే రోబో ఓడలోని చిన్నపిల్లకి మాటిచ్చింది, ఇల్లు చేరిన రోజున మనిషి గొంతుతో పిలుస్తానని. అంటే ఆ ఒక్క మాటకీ క్లిప్పు ఉండదు. అమ్మకి వినిపిస్తుంది. "ఈసారి నా గొంతేనమ్మా" అని ముందే చెప్పేశాడు. ఆవిడ వారం ముందే చీర తీసి పెట్టుకుంది.

కథ చదివితే మాత్రం నీరసం వచ్చింది. ఏడు భాగాలు వెతికిన ఇల్లు ఆఖరి రెండు నిమిషాల్లో దారిలో కాలికి తగిలినట్టు దొరుకుతుంది. విలన్ ఏమయ్యాడో రాసినవాడికే తెలియదు.

"ఇదేం ముగింపయ్యా?" అని అడిగాడు.

"రిలీజ్ తేదీ ఇచ్చేశారు మామా. ఏదో ఒకటి కానిచ్చేద్దాం" అన్నాడు ఇంజనీరు.

ఏడిచినట్టుంది. అయినా ఆ ఒక్క మాట ఉంది, చాలు అనుకున్నాడు. మిగతాదంతా మూడు రోజుల్లో చెప్పేసి, నాలుగో రోజు క్లిప్పు తీసి, గ్లాసు పక్కన పెట్టి, మైకు ముందు నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఇల్లొచ్చింది. దిగు."

అద్దం అవతల ఇంజనీరు తల అడ్డంగా ఊపాడు. "క్లిప్పు తీయండి మామా. ఇది మనిషి గొంతు కదా!"

ఆయన అరచెయ్యి ఎత్తి చూపించాడు. క్లిప్పు చేతిలో ఉంది.

వేడినీళ్ళు తాగాడు. ముక్కు చీదాడు. కూర్చుని, నిలబడి, కళ్ళు మూసుకుని, పద్దెనిమిదిసార్లు చెప్పాడు. "మామూలుగా మాట్లాడండి మామా" అని ఇంజనీరు బతిమాలాడు. "మామూలుగానే మాట్లాడుతున్నానయ్యా!" అని అరిచాడు. ఆ అరుపూ రేకు డబ్బాలోంచే వచ్చింది. చివరికి పక్క గదిలో సబ్బు ప్రకటన చెబుతున్న మనిషిని పిలిచారు. అతను ఒక్కసారి చెప్పి, వాచీ చూసుకుని వెళ్ళిపోయాడు. కంపెనీ మేనేజరు పాత కాగితాన్ని చించి, "ఇక మీ ఇష్టం సార్, ఎవరికైనా గొంతివ్వచ్చు" అని చెయ్యి కలిపాడు.

తల్లికి చెబుదామని రెండుసార్లు దగ్గరికెళ్ళాడు. రెండుసార్లూ నీళ్ళు నమిలి వచ్చేశాడు.

మొదటిరోజు పొద్దుటాట. హాలు కిటకిటలాడింది. అరగంటకి ఈలలు ఆగిపోయాయి, గంటకి ఆవలింతలు మొదలయ్యాయి. "ఇరవయ్యేళ్ళు ఆగింది దీనికోసమా!" అని వెనకెవరో తిట్టిపోశారు. ఆఖరికి ఇల్లొచ్చేసరికి సగం జనం లేచి నిలబడ్డారు. "అమ్మాయ్, ఇల్లొచ్చింది. దిగు" అంది తెర మీది రోబో, సబ్బు ప్రకటన గొంతుతో. ఆయన తల్లి వైపు చూశాడు.

"వీడెవడ్రా చివర్లో?" అంది ఆవిడ.

ఆయన చెయ్యి పట్టుకుని ఆవిణ్ణి మెట్లు దింపాడు. సినిమాని తిట్టుకుంటూ పోతున్న జనం మధ్యలో ఆవిడ మొహం ఒక్కటే వెలిగిపోతోంది.

"మొదటి మాటకే పోల్చుకున్నానురా" అంది. "ఆ రోబో నువ్వే. అచ్చం ఇంట్లో మాట్లాడినట్టే ఉంది. ఇన్నాళ్ళూ ఆ దిక్కుమాలిన క్లిప్పొకటి పెట్టి బంగారంలాంటి గొంతు పాడుచేశారు. ఈసారి తీసేశావు కదూ?"

ఆయన తల ఊపాడు. ఆవిడకి కనపడదన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

"ఏరా, మాట్లాడవేం?"

"తీసేశానమ్మా" అన్నాడు.

"అదిగో, అదే గొంతు!" అని ఆవిడ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.