రొయ్యల తొక్కల ఎస్తేరు గారు

మా నీటి పరీక్షల ల్యాబులో ఎవరైనా ఎసిటిక్ యాసిడ్ సీసా మూత తీస్తే నా కళ్ళు చెమరుస్తాయి. ఆ ఘాటు కింద ఎండిన రొయ్యల వాసన కూడా ఉన్నట్టు నాకు మాత్రమే అనిపిస్తుంది. అది ఈ గదిలోది కాదు. డెబ్బైల చివర్లో, గాజువాకలో, ఎస్తేరు గారి రేకుల షెడ్డులోది.

ఆవిడకి అప్పటికే యాభై దాటాయి. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి, తర్వాత రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీ ల్యాబులో కొన్నేళ్ళు చేసి, అదీ మానేశారు. ఎందుకు మానేశారో ఎవరికీ చెప్పేవారు కాదు. హార్బరులో రొయ్యలు ఒలిచి పారేసే తొక్కల నుంచి ప్లాస్టిక్ లాంటి పలుచని కాగితం తీస్తాననీ, పాతిపెడితే అది మట్టిలో కలిసిపోతుందనీ అనేవారు. ఆ రోజుల్లో ఇంటికి ఒక ప్లాస్టిక్ సంచీ వస్తే కడిగి, ఆరేసి, దాచుకునేవాళ్ళం. అది మట్టిలో కలిసిపోవాలని ఎవరు కోరుకుంటారో నాకు అర్థమయ్యేది కాదు.

నేను బీఎస్సీ చదివి, విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి, పోర్టులో పనిచేసే మా అన్నయ్య ఇంట్లో ఉంటూ ఆ షెడ్డులో చేరాను. తొక్కలు కడగడం, యాసిడ్‌లో నానబెట్టి సున్నం వదిలించడం, కాస్టిక్ సోడాలో ఉడికించడం నా పని. సీసాల మీద పేర్లుండేవి కావు, అంకెలే. ఎండిన పొడిని ఆవిడే లోపలి గదిలోకి తీసుకెళ్ళి గడియ పెట్టుకునేవారు. రెండు రోజుల తర్వాత తళతళలాడే కాగితంతో బయటికొచ్చేవారు. మధ్యలో ఏం జరిగిందని అడిగితే నా పని నన్ను చూసుకోమనేవారు. మిఠాయి పొట్లాలకు చుట్టే సెల్లోఫేన్ అచ్చం అలాగే ఉంటుందని నాకు తోచింది. ఒకసారి తోచాక ఆ ఆలోచన వదల్లేదు.

ఆ వాసనకి పక్కవాళ్ళు సారా కాస్తున్నారని ఫిర్యాదు చేశారు. ఎక్సైజు వాళ్ళు వచ్చి, తొట్టెలోకి ఒకసారి తొంగిచూసి, ముక్కు మూసుకుని వెళ్ళిపోయారు. ఈ సంగతి విన్న మా అన్నయ్య అన్నం ముందు కూర్చుని, "ఆ గదిలో ఏటి సేత్తందో నువ్వు సూసేవా? రేపు పోలీసోళ్ళొత్తే యాసిడ్ డ్రమ్ములకి సంతకాలెట్టింది నువ్వే గదా" అన్నాడు. సంతకాలు నావే. ఆవిడ పేరు ఎక్కడా లేదు.

ఒకరోజు గది తలుపు ఓరగా తెరిచి ఉండగా లోపలి బల్ల మీది చిన్న ముక్క ఒకటి కొంగులో దాచుకున్నాను. ఇంటి పెరట్లో అగ్గిపుల్ల గీసి అంటించాను. సెల్లోఫేన్ అయితే కాగితం కాలిన వాసన రావాలి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. అంటే అది నిజంగా రొయ్య తొక్కే.

మర్నాడు నేను చెప్పులు విడవకముందే ఆవిడ, "కాల్చి చూసేవా?" అన్నారు. ముక్కలు కూడా లెక్కపెట్టుకుంటారని నాకు తెలియదు. చూశానన్నాను. ఉద్యోగం పోయిందనుకున్నాను.

ఆవిడ స్టూలు మీద కూర్చున్నారు. "నాను నిన్ను ఆ కంపెనీవాళ్ళు పంపిన మనిషివనుకున్నానమ్మా. ఎనిమిది నెలల్నుంచి అదే అనుకుంటన్నాను."

అప్పుడు చెప్పారు. ఆ కంపెనీలో ఉండగా ఈ పద్ధతి మొదట రాసింది ఆవిడే. పై అధికారి చూసిస్తానని ఆవిడ రాసుకున్న పుస్తకం తీసుకుని, తన పేరుతో పేటెంటుకి పంపుకున్నాడు. అడిగితే, మీరు నాకు సాయం చేశారు కదా అన్నాడట. అందుకే సీసాల మీద అంకెలు, అందుకే గడియ.

ఆ రోజు లోపలి గది చూశాను. గాజు పలకల మీద ఆరుతున్న కాగితాలు, వాటి పక్కన బుట్టలో ఉబ్బి ముడతలు పడ్డవి. ఆవిడ దాచింది పద్ధతిని మాత్రమే కాదు. తడి తగిలితే ఆ కాగితం నిలవదు. ముసురు పట్టిన రోజుల్లో ఎవర్నీ రానివ్వకపోవడం ఇందుకేనని గ్రహించాను. నా అనుమానం సగం నిజమే అనుకుని లోలోపల తృప్తిపడ్డాను కూడా.

చలికాలంలో బిస్కెట్ల కంపెనీ మనిషి ఒకాయన వచ్చాడు. గాలి పొడిగా ఉంది. కాగితాన్ని లాగాడు, మడిచాడు, వెలుగుకి పట్టి చూశాడు. ఆర్డరు రాయడానికి జేబులోంచి పెన్ను తీశాడు. ఆయన కోసం తెచ్చిన మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నేను పక్కనే నిలబడి ఉన్నాను. అన్నీ తెలుసు. చెప్పాలని నాకు అనిపించలేదు. ఆయన త్వరగా రాసి వెళ్ళిపోతే బాగుండుననిపించింది.

ఎస్తేరు గారు నా చేతిలోని గ్లాసు తీసుకుని కాగితం మీద నీళ్ళు పోశారు. మా కళ్ళ ముందే అది జిగురుగా ఉబ్బింది.

"వానల్లో ఇది ఆగదు బాబూ. ఇంకా పనుంది."

ఆయన మళ్ళీ రాలేదు. సాయంత్రం ఎందుకు చెప్పారని నిలదీస్తే, కొన్నాక తెలిస్తే మనల్నే కాదు, ఈ సరుకునే ఇంకెవరూ నమ్మరని మాత్రం అన్నారు.

తర్వాత మేము అదే పొడిని మురికి నీళ్ళలో కలిపి చూశాం. మడ్డి అడుక్కి దిగింది. రొయ్యలు కడిగే ఫ్యాక్టరీలు కొన్నాయి. ఎనభైల్లో షెడ్డు దాని మీదే నడిచింది. వానకు నిలిచే కాగితం మాత్రం ఆవిడ బతికుండగా రాలేదు. ఆ నీళ్ళ పద్ధతి రాసిన పుస్తకం మొదటి పేజీలో తన పేరు పక్కన నా పేరు కూడా రాశారు. నన్ను అడగలేదు, నాతో చెప్పనూ లేదు. ఆవిడ పోయాక చూశాను.

ఎనిమిది నెలలు ఆవిడని అనుమానించాను. ఆ మధ్యాహ్నం నోరు మూసుకుని నిలబడింది నేను. అందుకే ఇప్పటికీ, నేను కోరుకున్న ఫలితమే వచ్చిన రోజున, సంతకం పెట్టకుండా ఆ పరీక్ష మొదటి నుంచి మళ్ళీ చేస్తాను.