చప్పుడు బంద్ చేసి నేర్చుకున్న బెల్లం

మా బోధన్ వైపు పొలం నిండా చెరుకే, కానీ ఇంట్లోకి బెల్లం దుకాణం నుంచి వస్తుంది. పండించేది మేము, కొనుక్కునేదీ మేమే. ఆ సంగతి నాకెప్పుడూ మింగుడుపడేది కాదు. డిగ్రీ పూర్తిచేసిన మా మనవరాలు ఇంటి చెరుకుతో బెల్లం వండి నిజామాబాద్‌లో అమ్ముతానంటే, అందుకే వెంటనే సరేనన్నాను.

ఇద్దరం కూర్చుని ఫోన్‌లో బెల్లం వీడియోలు చూశాం. అది రెండింతల వేగంతో తిప్పేది, నేను పక్కన తలూపేదాన్ని. అంతా వచ్చేసినట్టే అనిపించింది. తీరా రసం మరిగాక, ఫోన్‌లో కనిపించిన రంగు రాగానే కడాయి దించేశాం. అచ్చుల్లో పోసింది తెల్లారినా గట్టిపడలేదు. వేలు పెడితే తేనెలా సాగింది.

మా కొడుకు అచ్చు వంచి చూసి నవ్వాడు.

"అవ్వా, గీ బెల్లాన్ని గ్లాసులల్ల పోసి అమ్ముతరా? ఇంకొక్క కడాయి సూడుండ్రి. గదిగూడ గిట్లనే అయితే ఉన్న చెరుకంత చక్కెర ఫ్యాక్టరీ లారీకెక్కిస్త."

మనవరాలి మొహం చిన్నబోయింది. ఇంకో కొత్త వీడియో వెతకబోతుంటే ఫోన్ లాక్కుని బోర్లా పెట్టాను.

"సూసినయి సాలు. ముందు సెప్పు, కడాయి ఎప్పుడు దించాలె?"

"చిక్కగయినంక, నానమ్మా."

"చిక్కగయిందని ఎట్ల తెలుస్తది?"

"సూస్తె తెలుస్తది."

"నిన్న సూసినవ్ గదా, తెలిసిందా?"

"నీకు తెలుసా మరి?" అంది నవ్వుతూ.

నాకూ తెలియదు. నా చదువు రెండో తరగతితోనే ఆగింది. అయినా పలక బోర్లించి చెప్పలేకపోతే పాఠం రానట్టేనని అక్కడే నేర్చుకున్నాను. ఫోన్ ముందు ఆ బుద్ధి ఎటు పోయిందో!

ఒక్క వీడియోనే ఉంచుకున్నాం. అందులో వండే ఆయన మహా మాటకారి. ఆయన మాటలకు నవ్వుతూ చేతులు చూడనే లేదు మేము. అందుకని ఈసారి చప్పుడు బంద్ చేసి చూశాం. పాకం చుక్కను చన్నీళ్లలో వేసి, ఉండ చేసి, పళ్లెం అంచుకేసి కొడుతున్నాడు. ఎందుకు కొడుతున్నట్టు? చప్పుడు మళ్లీ పెట్టి, ఫోన్ బోర్లించి, బొమ్మ చూడకుండా విన్నాం. మొదటి ఉండకు చప్పుడే లేదు. తర్వాతది టక్కుమంది. ఆ వెంటనే కడాయి దించిన మోత.

"నానమ్మా, గదే గుర్తు!"

"ఎగురుడు తర్వాత. మొదటికెల్లి సెప్పు."

అది చెబితే నేను తప్పులు పట్టాను. నేను చెబితే అది పట్టింది. ఎక్కువ అదే పట్టింది.

మర్నాడు ఫోన్ ఇంట్లోనే వదిలి పొయ్యి దగ్గరికి వెళ్లాం. ఎండిన చెరుకు పిప్పి నేను ఎగదోస్తుంటే అది కడాయి కలిపింది. మొన్నటి రంగు రానే వచ్చింది. దించుదామా అంటే తల అడ్డంగా ఊపింది. ఉండ కొట్టి చూస్తే మెత్తగా ఉంది. కాసేపాగి ఇంకోటి, అదీ మెత్తనే. మాడిపోతుందేమోనని నేను పిప్పి ఎగదోయడం తగ్గించాను. ఆ తర్వాతి ఉండ టక్కుమంది.

"బాపూ, పట్టు! దించాలె!"

మా కొడుకు ఉరికొచ్చి దానితో కలిసి కడాయి దించాడు. సాయంత్రం అచ్చులు బోర్లిస్తే బెల్లం దిమ్మలు గట్టిగా ఊడిపడ్డాయి. వాడు ఒక ముక్క నోట్లో వేసుకుని రెండోదానికి చెయ్యి చాపాడు. ఆ చేతి మీద ఒక్కటిచ్చాను.

"గవి అమ్మకానికి. లారీ ఆయనకు రావద్దని సెప్పుపో, కొడుకా."

"సెప్త గని, కడాయి దించినందుకు కూలి గూడ ఇయ్యరా?" అన్నాడు కూతురి వైపు తిరిగి.

అది నా వైపు ఓరగా చూస్తూ సగం ముక్క విరిచి తండ్రికిచ్చింది.