గోలెంలో నేను కలిపింది

విజయనగరంలో మేముండే మేడ మీద, కింది వాటాలో ఉండే మాష్టారుగారు ఈ చలికాలం ఒక నీలం డ్రమ్ము తెచ్చిపెట్టి, ఆవుపేడా పంచితమూ బెల్లమూ శనగపిండీ కలిపి మూత పెట్టారు. కుండీల్లో మొక్కలకు పోస్తారట. మూడో రోజుకల్లా ఆ వాసన మెట్లు దిగి అన్ని వాటాల్లోకీ వచ్చేసింది. అందరూ ముక్కులు మూసుకుని మాష్టారుగారి మీద విరుచుకుపడుతుంటే నేను మాత్రం ఆరిన బట్టలు తెచ్చే వంకతో పూటకు రెండుసార్లు మేడెక్కి ఆ డ్రమ్ము పక్కన నిలబడి వచ్చేదాన్ని. ఇష్టం కొద్దీ కాదు. పులిసిన పేడా బెల్లమూ కలిసిన ఆ వాసన తగిలిన దగ్గర్నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద కూర మాడ్చాను, బట్టలు సగం మడతపెట్టి వదిలేశాను, ఏమైందని అడిగిన మా ఆయన మీద కసురుకున్నాను. వారం రోజులు అలా తిరిగి తిరిగి, ఆఖరికి బొబ్బిలి బస్సెక్కాను.

మా ఊరు బొబ్బిలికి కాస్త ఇవతల. గైరమ్మ సంబరాలు, అదే మా వైపు గౌరమ్మ పండగ, ముగిసి, ఇంట్లో బూరెల వాసన పోయి, పొద్దున్నే లేస్తే నోట్లోంచి పొగ వచ్చే రోజులు మొదలయ్యేసరికి, వరి కోసిన మళ్ళు దున్ని, నూతి కింద తడి అందే అరెకరంలో మా వాళ్ళు చోడి ఊడ్చేవారు. మిగతా జిల్లాలవాళ్ళు రాగులంటారు, మాకు అవి చోళ్ళు. ఏడాది పొడుగునా పొద్దున్న అంబలీ, సాయంత్రం బెల్లం ముక్క పెట్టిన రొట్టే, పంటి కింద ఉల్లిపాయా, ఇంతకు మించిన భోగం మాకు తెలియదు. మంచు పట్టిన గట్ల మీద నడిస్తే పరికిణీ అంచు మోకాలి దాకా తడిసి కాళ్ళకు చుట్టుకునేది. కాల్చిన తేగ చేతిలో పట్టుకుని, నారలు పీకి ఉమ్ముకుంటూ, మా పక్కింటి ఎర్రమ్మ పిన్ని కూతురితో తొక్కుడుబిళ్ళ ఆడేదాన్ని. ఆట మధ్యలో ఆగి ఆలోచించే అలవాటు నాకు లేదు. నా పేరు పైడితల్లి, పిలుపుకి పైడి. ఎక్కడ కూర్చోబెట్టినా రెండు నిమిషాలకు లేచిపోతానని మా అమ్మ నన్ను 'కుదురులేని గుంట' అనేది. మా వైపు గుంటంటే ఆడపిల్ల.

పశువులపాక పక్కన అమ్మకొక గోలెం ఉండేది. నేను లోపలికి దిగి కూర్చుంటే నెత్తి కనపడనంత పెద్ద మట్టి తొట్టి. మాకున్న ఒక్క బూడిదరంగు ఆవు పంచితాన్ని తెల్లవారుజామున ముంతలో పట్టి, పేడా, చీమలు పట్టిన పాత బెల్లమూ, ఉలవపిండీ, గట్టు మీది మట్టి పిడికెడూ అందులో వేసి, నీళ్ళు పోసి, గోనె కప్పి వారం రోజులు మురగబెట్టేది. రోజుకు రెండుసార్లు కర్రతో కలపడం నా పని. కలిపేటప్పుడు ఒకే వైపు తిప్పాలి, తొందరపడకూడదు, గోనె మాటిమాటికీ ఎత్తి చూడకూడదు. నేను రోజూ పదిసార్లు ఎత్తి చూసేదాన్ని. పైన నురగ బుడగలు లేచి చిటచిటమని పగులుతుంటే, అది ఎప్పటికి సిద్ధమవుతుందా అని ప్రాణం కొట్టుకుపోయేది. సిద్ధమైనాక అమ్మ చెంబుడు గోలెం నీళ్ళకు బిందెడు నూతినీళ్ళు కలిపి, మడికి తడి పెట్టేటప్పుడు కాలవ మూతి దగ్గర నిలబడి సన్నటి ధారగా వంచేది. కాస్త మిగుల్చుకుని వేపమండతో ఆకుల మీద చిలకరించేది.

మా నాన్నకు ఆ గోలెం అంటే చిరాకు. ఆయన బొబ్బిలి నుంచి యూరియా బస్తా తెచ్చి, తెల్లగా మెరిసే ఆ పలుకుల్ని పిడికిట్లో పట్టుకుని ఊరందరికీ చూపించేవాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక చలికాలం పొద్దున, అంబలి తాగుతూ అన్నాడు.

"ఈ ఆవుని సంతకి తోలెస్తాను. పాలీదు, దున్నదు. బస్తా ఉండగా దీని పేడెందుకు?"

అమ్మ గిన్నె కింద పెట్టేసింది. "అది నా అమ్మగారింటినుంచి వచ్చినాది. సగం మడి నాకొదిలెయ్. నీ బస్తా నువ్వేసుకో, నా గోలెం నానేసుకుంటాను. నీ సగమే బాగా పండితే అప్పుడు తోలుకెల్లు."

"ఒట్టేనా?"

"ఒట్టే."

మడి మధ్యలో కొత్తగా గట్టు వేశారు. ఊళ్ళో ఆడవాళ్ళు నీళ్ళకు వస్తూ పోతూ రెండు వైపులా చూసి నవ్వుకునేవారు. ఎర్రమ్మ పిన్ని మాత్రం అమ్మ వైపే. అమ్మను 'అప్పా' అని పిలుస్తూ సొంత అక్కలా చూసుకునేది. ఇద్దరూ ఒకరి ఇంట్లో ఉప్పు అయిపోతే ఇంకొకరి ఇంట్లోంచి అడక్కుండా తెచ్చుకునేవారు.

పదిహేను రోజులకు నాన్న సగం ముదురాకుపచ్చగా లేచింది. అమ్మ సగం బతికే ఉంది గాని లేతగా, నీరసంగా ఉంది. "నిదానంగా అందుతాది" అనేది అమ్మ. నిదానం! నాకు ఆ మాటే గిట్టదు. రోజుకు నాలుగుసార్లు మడి దగ్గరికి పరుగెత్తి, రెండు వైపుల మొక్కలకూ జానతో కొలత పెట్టి, వెనక్కి పరుగెత్తుకొచ్చి ఆవు మెడ పట్టుకుని నిలబడేదాన్ని. అది నా చెవి నాకేది. దాన్ని సంతలో ఎవరో ముక్కుతాడు పట్టి ఈడ్చుకుపోతున్నట్టే నా కళ్ళకు కట్టేది.

ఒక మధ్యాహ్నం నాన్న బొబ్బిలి వెళ్ళినప్పుడు, పరికిణీ ఒడి నిండా యూరియా ఎత్తుకొచ్చి అమ్మ కలిపి ఉంచిన బిందెల్లో పోసేశాను. చేయి పెట్టి కలుపుతుంటే నీళ్ళు చూస్తుండగానే జిల్లుమని చల్లబడ్డాయి. ఆ చల్లదనానికి నాకు భయం వేసింది, ఏదో ప్రాణమున్నదాన్ని ముట్టుకున్నట్టు. కాసేపటికి అమ్మ వచ్చి బిందె ఎత్తుకుంటూ, "ఏటే, ఇంత సల్లగున్నాది?" అంది.

"సీతకాలం కదమ్మా" అన్నాను.

అమ్మ నవ్వింది. అలా ఆ చలికాలంలో మూడుసార్లు. బస్తా తరిగిందని నాన్న గొణిగితే చెమ్మకు కరిగిపోయి ఉంటుందని అమ్మే సర్దిచెప్పింది.

ఆ ఏడు అమ్మ సగం ఎలా పండిందో ఇప్పటికీ మా ఊళ్ళో ముసలివాళ్ళను అడగవచ్చు. ఒక్కొక్క వెన్ను పిడికిలి ముడుచుకున్నట్టు గింజ పట్టి, చేను మొత్తం ఒరిగిపోయింది. నాన్న తల గోక్కుని, ఆవుకు తనే కుడితి పెట్టాడు. అమ్మ ఎన్నడూ లేనిది నడిచేటప్పుడు తల ఎత్తి నడిచింది. పచ్చి వెన్నులు నిప్పుల మీద కాల్చి, నలిపి, ఊది, ఎర్రమ్మ పిన్నీ అమ్మా నోట్లో పోసుకుంటూ ఏమిటేమిటో చెప్పుకుని పడిపడి నవ్వారు. నేనూ నవ్వాను, ఆవు మిగిలిందని. నా పని ఎంత దూరం పోతుందో ఆలోచించే వయసు కాదు, బుద్ధీ కాదు.

మరుసటి చలికాలం ఎర్రమ్మ పిన్ని తన మడికి వేసే గత్తం అంతా మరిది పొలానికి తోలించేసింది. పెంటకుప్పలో ఏడాదంతా కూడబెట్టిన ఎరువు అది. "అప్ప గోలెం ఉండగా నాకు గత్తమెందుకు?" అంది. అమ్మ దగ్గర నేర్చుకుని, అవే పాళ్ళతో, అంత శ్రద్ధగానూ మురగబెట్టి పోసింది. మా ఇంట్లో నాన్న ఆ ఏడు అమ్మ మాటకు విలువ ఇచ్చినట్టే ఇచ్చి, తన బస్తా మాత్రం మానకుండా, మడి మొత్తానికీ గత్తమూ గోలెమూ యూరియా మూడూ పట్టించాడు. మాది పండింది. పిన్నిది పసుపుపచ్చగా తిరిగి, వెన్నులు దారాల్లా వేలాడాయి. ఆ మడే వాళ్ళ ఏడాది అంబలి. 'ఆడదాని మాట విని చేను పాడు చేసుకున్నావు' అని బాబాయి పిన్నిని వాకిట్లో నిలబెట్టి తిట్టిన తిట్లు మా ఇంటిదాకా వినపడ్డాయి.

ఆ సాయంత్రం పిన్ని మా వాకిట్లోకి వచ్చింది. కూర్చోలేదు.

"నిజం సెప్పప్పా. అందులో ఇంకేటి కలిపినావు?"

"ఏటీ నేదే ఎర్రీ. నీకు సెప్పినవే."

"నాకు సెప్పకుండా ఏదో దాసినావు."

అమ్మ ముఖం ఎర్రబడింది. తూర్పు గోడ దగ్గర గచ్చకాయలాడుతున్న నన్ను జబ్బ పట్టి లాక్కొచ్చి, నా నెత్తి మీద అరచెయ్యి పెట్టింది. "నా పైడి మీద ఒట్టు. అందులో నాను ఇంకేటీ కలపనేదు."

అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఆ చేతి కింద నేను వణుకుతున్నాను. అది పిన్ని చూసింది. అబద్ధపు ఒట్టుకు పిల్ల బెదిరిందనుకుంది కాబోలు, నా వైపు అదోలా చూసి, "కన్నకూతురి మీద కూడానా?" అని వెళ్ళిపోయింది. అప్పుడు నేను నోరు విప్పి ఉండవలసింది. విప్పితే ఆవును తోలేస్తారని ఒక భయం, నాన్న వీపు విమానం మోగిస్తాడని ఒక భయం, అన్నింటికీ మించి, ఏడాదిగా తల ఎత్తుకు తిరుగుతున్న అమ్మ మళ్ళీ తల దించుకుంటుందని భయం. మింగేశాను. ఆ తరువాత ఏ జ్వరం తగిలినా ఒట్టు నాకే కొట్టిందని దుప్పటిలో ముడుచుకుని ఏడ్చేదాన్ని. ఎర్రమ్మ పిన్ని మా ఇంటి ముందునుంచి నడవడం మానేసి, చెరుకుతోట చుట్టూ తిరిగి నీళ్ళకు వెళ్ళేది. అమ్మ కొన్నాళ్ళు ఎదురుచూసింది, కొన్నాళ్ళు కోప్పడింది, ఆ పైన ఆ పేరు ఎత్తడమే మానేసింది. ఇంకా కొన్నేళ్ళకు వాళ్ళు ఊరు వదిలి బొబ్బిలి చేరారు. నాలుగేళ్ళ కిందట అమ్మ పోయినప్పుడు కబురు పంపినా పిన్ని రాలేదు.

ఇప్పుడు నేనెక్కిన బస్సు మా ఊరి మలుపు మీదుగానే వెళ్ళింది. చోడి మళ్ళున్నచోట సరుగుడు తోట. నుయ్యి పూడ్చేశారు. ఊరి మొదట్లో ఒక్క పశువులపాక కూడా కనపడలేదు. ఆ బూడిదరంగు ఆవు నేను పెళ్ళై వెళ్ళకముందే ముసలిదై పాకలోనే కన్నుమూసింది.

బొబ్బిలిలో కూతురింటి అరుగు మీద పిన్ని చింతపండు పిక్కలు తీస్తోంది. చిక్కిపోయింది. నేను పైడినని చెప్పాక కూడా చాలాసేపు చూసింది. నిలబడే మొత్తం చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని భయమేసి. ఆమె చేతులు ఆగిపోయాయి.

"మీ అమ్మకి తెల్దా?"

"తెలీదు పిన్నీ. ఆఖరిదాకా తెలీదు."

వీధిలో ఎవరో ఉల్లిపాయలు అమ్ముకుంటూ వెళ్ళారు. ఆ కేక దూరమయ్యాక ఆమె నా వైపు తిరిగింది.

"పోయేముందు నా పేరేటైనా తలిసిందేటి?"

ఆసుపత్రిలో తొమ్మిది రోజులు అమ్మ మంచం పక్కనే ఉన్నాను. నాన్నను పిలిచింది, తన తల్లిని పిలిచింది, ఆవును కూడా పిలిచింది. ఎర్రమ్మను పిలవలేదు. తలిచిందని ఒక్క ముక్క చెబితే ఈ ముసలి ప్రాణానికి ఎంత ఊరట! నోటి దాకా వచ్చింది. మళ్ళీ ఇంకొకటి కలపలేకపోయాను.

"లేదు పిన్నీ."

"తలవదు" అంది ఆమె, తల ఊపుతూ. "పిల్ల నెత్తి మీద సెయ్యేసి సెప్పినా నమ్మనిదాన్ని, నన్నెందుకు తలుస్తాది?" తరువాత నా ముఖంలోకి సూటిగా చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననిపించింది. "నాకు సెప్పినావు, సరే. అప్పకెప్పుడు సెప్తావే?"

ఆమె కళ్ళొత్తుకుని, మళ్ళీ పిక్కలు తీయడం మొదలుపెట్టింది.