ఆమెను అడిగినవా?

వానలో తడిసిన ఉన్ని బట్ట మీద ఇస్త్రీపెట్టె పెడితే ఒక వాసన వస్తుంది. నిన్న మా వీధి ఇస్త్రీ బండి దగ్గర ఆ వాసన తగలగానే హనుమకొండ అదాలతు వరండా, రాజేశ్వరరావు గారి నల్ల షేర్వానీ, వాటితోపాటు ఆయన మీద నాకుండే పాత విసుగు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నైజాం పాలన చివరి రోజుల్లో నేను ఆయన దగ్గర జూనియర్ వకీలుని. వకీలుగా ఆయనకు గొప్ప పేరు. మనిషిగా మాత్రం పక్కనున్నవాళ్ల ఓపికను అరగదీసేవారు. ఒకరి బదులు ఇంకొకరు జవాబు చెబితే ఆయనకు పడేది కాదు. ఎవరైనా వచ్చి ఇంటిల్లిపాదీ పెళ్లికి రావాలంటే, "నేనొస్త. ఆమె సంగతి ఆమెను అడుగుండ్రి" అని వంటింటి వైపు చూపించేవారు. వచ్చినవాళ్లు ఇబ్బందిపడేవారు. లోపల ఆయన భార్య తల పట్టుకునేది.

ఒకసారి నర్సంపేట దగ్గరి పల్లె నుంచి కనకమ్మ అనే ఆవిడ వచ్చింది. భర్త పోయాక పొలాలు కౌలుకిచ్చి పంట చూసుకోమని మరిది శంకరయ్యకు ముఖ్తార్‌నామా రాసిచ్చింది. అంటే తన బదులు ఆ పనులు చేసే అధికారం ఇచ్చిందన్నమాట. శంకరయ్య కేసముద్రంలో పత్తి వ్యాపారంలో పడి ఆ అధికారాన్ని తన అల్లుడి చేతిలో పెట్టాడు. అల్లుడు ఆమె భూమంతా ఒక భూస్వామికి అమ్మేశాడు.

"నీ మరిదిని నమ్మి నీ బదులు నిలబెట్టినవు. ఆయన ఇంకొకన్ని నిలబెట్టొచ్చని చెప్పినవా?" అని రాజేశ్వరరావు గారు అడిగారు.

"లేదయ్యా. ఆ పిలగాన్ని నేను సక్కగ సూడనే లేదు."

"అమ్మమన్నవా?"

"కౌలుకియ్యమన్న. అమ్ముడెందుకు?"

"అయితే దావా నిలబడ్తది."

కనకమ్మ కళ్లు తుడుచుకుని, "ఇగ నాకేం తెల్వదు, అంత మీరే సూసుకోండ్రి" అంది. ఆయన ముఖం చిట్లించారు. "మీ మరిదితోని గూడ గదే అన్నవు. నాతోని అనకు. వాదించుడు నా పని. ఏం కావాల్నో చెప్పుడు నీ పని." ఏడుస్తున్న మనిషితో ఇలాగేనా మాట్లాడేదని నాకు ఒళ్లు మండింది.

వాయిదాలు నడిచాయి. ముసురు పట్టిన ఒకరోజు ఎదుటి పక్షం రాజీకి వచ్చింది. రేగడి పొలాలన్నీ తిరిగిచ్చేస్తారట, ఊరి చివరి రాళ్ల చెలక ఒక్కటి వదులుకుంటే చాలట. మున్సిఫ్ కూడా సంతోషించాడు. కనకమ్మ మాకిచ్చిన వకాలత్‌నామాలో రాజీపడే అధికారం రాసే ఉంది. ఆయన తల ఊపితే కేసు ఆ పూటే ముగిసేది. ఊపలేదు. కక్షిదారును అడగాలంటూ మళ్లీ వాయిదా కోరారు. మున్సిఫ్ చిరాగ్గా కేసు కాగితాల మిసలు మూసేశాడు.

వరండాలోకి రాగానే నేను ఆగలేకపోయాను. "అధికారం ఉన్నది గద సాబ్. రాళ్ల చెలక కోసం ఎవరన్న కాదంటరా?"

"అనకపోవచ్చు. ఆమెను అడిగినవా?"

"అడిగేదేమున్నది?"

"అధికారం ఇచ్చిందంటే, అడుగద్దన్నట్టు కాదు. పో, నర్సంపేట బస్సున్నది."

ఆ బస్సు దారిలో బురదలో దిగబడింది. మిగతా దారంతా ఆయన్ని తిట్టుకుంటూ తడుస్తూ నడిచాను. కనకమ్మ వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. సంతోషిస్తుందనుకుని రాజీ సంగతంతా చెప్పాను. ఆమె చివరిదాకా విని, "చెలక ఇయ్య" అంది.

"అది రాళ్ల భూమి గదమ్మా."

"ఎల్లయ్య దున్నుతాండు దాన్ని. ఆడనే గుడిసె ఏసుకున్నడు. ఎల్లయ్యను లేపద్దని మా ఆయన పొయ్యేటప్పుడు చెప్పిండు. నేను సరేనన్న. ఆ దొర చేతికి పోతే గుడిసె ఉండనిస్తడా? కావాల్నంటె ఒక రేగడి చెక్క ఇయ్యుండ్రి."

అదాలతులో మేము తల ఊపి ఉంటే చట్టప్రకారం తప్పేమీ లేదు. కాకపోతే మేము చేసింది ఆమె చేసినట్టే. ఎల్లయ్య గుడిసె పీకించింది కనకమ్మే అని ఊరంతా అనేది, కాదనడానికి ఆమెకు దారి ఉండేది కాదు. తిరిగొచ్చి చెప్పాను. "చూసినవా" అని ఆయన దెప్పుతారనుకున్నాను. "తల తుడుచుకో" అని మాత్రం అన్నారు.

భూస్వామి రేగడి ముక్కకు ఒప్పుకోలేదు. కేసు నడిచింది. మరిదికి ఇచ్చిన అధికారం అతని అల్లుడికి చేరదని, అమ్మకం చెల్లదని తీర్పొచ్చింది. భూస్వామి అప్పీలుకు పోయాడు. అది తేలకముందే రాజేశ్వరరావు గారు మంచం పట్టారు. ఆయన కేసులు ఎలాగూ నావేనని నేను ఫైళ్లు సర్దుతుంటే పిలిచి, "నేను పోతే నా వకాలత్‌నామాలు నాతోనే పోతయి. ఒక్కొక్కల దగ్గరికి పోయి అడుగు. నిన్ను పెట్టుకుంటరో లేదో వాళ్లిష్టం" అన్నారు. ప్రాణం మీదికొచ్చినా ఈ మనిషి మారడా అనుకున్నాను.

ఆయన పోయాక ఊరూరా తిరిగాను. కొందరు వద్దన్నారు కూడా. కనకమ్మ మాత్రం, "ఆయన జాగల నువ్వే గద, అడుగుడెందుకు బిడ్డా?" అంది.

"అడగాలెనమ్మా."

అప్పుడామె "నాకు చెప్పకుంట ఏం చెయ్యవు గద?" అని అడిగి, చెయ్యనన్నాకే వేలిముద్ర వేసింది. అప్పీలు గెలిచాం. ఎల్లయ్య చెలకలోనే ఉన్నాడు.

ఇన్నేళ్ల ప్రాక్టీసులో "మీరే చూసుకోండి" అనని కక్షిదారు నాకు దొరకలేదు. ఏం కావాలో వాళ్ల నోటితో చెప్పేదాకా నేను కదలను. ఈయనతో ఏదీ ఒక పట్టాన తెమలదని మా జూనియర్లు బయట గొణుక్కోవడం వినిపిస్తూనే ఉంటుంది. నిజమే, తెమలదు. వాళ్లలో ఒకరిని లోపలికి పిలిచి, కక్షిదారు ఊరికి బస్సు ఎన్నింటికో చూడమంటాను.