లిమా వీధిలో నేను తిన్నది

ఆ మధ్య ఒక ఆదివారం, మా పెద్దలు ఓడెక్కి వచ్చి స్థిరపడ్డ తెలుక్ ఇంటాన్‌లో అత్త ఇంట్లో అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు, పెరూ దేశంలో ఏడాది పాటు చదువుకునే అవకాశం వచ్చిన మా చిన్నాన్న కూతుర్ని పంపాలా వద్దా అన్న మాట వచ్చింది. అత్త మా నాన్నకు అక్క, నానమ్మ పోయాక ఇంటికి పెద్ద, ఆవిడ వద్దంటే మా వాళ్ళలో ఎవరూ ఎక్కడికీ కదలరు. ఆవిడ నావైపు చెయ్యి చూపించి, "ఇది నాలుగు నెలలు ఆ లిమాలో ఉన్నాది. ఆఫీసు, గది, అంతే లా! తినకూడనిది తిన్నాదా? తిరగకూడని చోట తిరిగినాదా? నువ్వలాగ ఉండగలవేటి?" అంది. చిన్నది తల వంచుకుంది. నేను అన్నం కలుపుతూ ఉండిపోయాను.

ఇపోలో నేను పనిచేసే కంపెనీ నన్ను లిమాకు పంపినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. దుకాణంలో నోరు విప్పి ఫలానాది కావాలని అడగడం కన్నా పస్తుండటమే నయమనుకునే రకాన్ని కాబట్టి, మొదటి రెండు వారాలూ, ఆఫీసు తప్ప ఎక్కడికీ పోనని అత్తకు ఇచ్చిన మాట ప్రకారం గదిలో బిస్కట్లు తింటూ, తెచ్చుకున్న పుస్తకాలు చదువుతూ, డైరీ రాసుకుంటూ గడిపాను. మూడో శనివారం రొట్టె కొనుక్కుందామని బయటికి వచ్చి, ఎందుకో మరి, వెనక్కి తిరగలేదు.

వాన పడని ఊరది, అయినా ఆకాశం ఎప్పుడూ ఇప్పుడో ఇంకాసేపటికో కురిసేటట్టే ఉంటుంది. పాత వీధుల్లో గోడలకు పెద్ద బీరువాలు తగిలించినట్టు చెక్క బాల్కనీలు, వాటి జాలీల వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టు అనిపించేది. చీనావాళ్ళ వీధిలో బాణలిలో వేపుడన్నం ఎగరేస్తున్న చప్పుడు వినబడితే మా ఇపో చీనా కొట్ల మధ్యే ఉన్నానా అని కళ్ళు చెమర్చాయి. గుమ్మడికాయ, చిలగడదుంప కలిపిన పిండిని గారెల్లా నూనెలో వేయించి పాకం పోసి ఇస్తే, మన సంతలో అమ్మే చిలగడదుంప తీపిగారె కుయే కెరియాకు దూరపు చుట్టమేదో దొరికినట్టయింది.

సాయంకాలానికి ఒక మూల మీద బొగ్గుల పొగ. పుల్లలకు గుచ్చిన మాంసం కాలుతోంది. సాతే అనుకున్నాను. మీకు తెలుసు కదా, మన ఊళ్ళలో సాతే అమ్మేవాడు మన నుదుట బొట్టు చూడగానే అడక్కుండానే కోడివి ఏరి పెడతాడు. ఆ అలవాటు నా ఒంట్లో ఎంతగా పట్టేసిందంటే, లిమాలో కూడా బొట్టు పెట్టుకుని నిలబడి, ఊరికే వేలు చూపించాను. మూడు ముక్కలు తిన్నాక, ఎంతో రుచిగా ఉంటే, ఇదేమిటని సైగ చేసి అడిగాను. ఆ అమ్మే పెద్దావిడ నెత్తి మీద రెండు వేళ్ళు కొమ్ముల్లా పెట్టి, అంబా అని అరిచి, గుండె మీద తట్టుకుంది. పశువు గుండె.

చర్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. కడుపు నొప్పి వస్తుందని, ఏదో అయిపోతుందని ఎదురుచూశాను. ఏమీ కాలేదు. ఇక గదిలోంచి కదలకూడదని ఒట్టు పెట్టుకోబోయి ఆగాను. అలా గదిలో కూర్చుంటే ఆ మూడు ముక్కలకు శిక్షగా ఊరంతటినీ వదులుకున్నట్టే. అయినా విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మా ముత్తవ్వ ఈ దేశపు బెలాచన్ రొయ్యల ముద్దను పులుసులో కలపడం నేర్చుకున్నప్పుడు ఎవర్ని అడిగింది?

మర్నాడు మళ్ళీ అదే మూలకు వెళ్ళాను. ఆవిడ నన్ను చూసి మళ్ళీ కొమ్ములు పెట్టి పడీపడీ నవ్వి, వేరే పెనం తెచ్చి, దాని మీద దుంపలూ మొక్కజొన్న కండెలూ కాల్చి ఇచ్చింది. తిరిగి వచ్చేదాకా ప్రతి శనివారం ఆ వీధుల్లోనే తిరిగాను. ఇవన్నీ డైరీలో రాసుకున్నాను, ఇంట్లో మాత్రం ఒక్క ముక్కా చెప్పలేదు. ఆ మౌనమే ఇప్పుడు చిన్నదాని దారికి అడ్డం పడుతోంది.

"అత్తా, నేను తిన్నాను. గొడ్డు మాంసం. ఊరంతా తిరిగినాను కూడా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అత్త చేతిలో ముద్ద కంచంలో వదిలేసి, "తెలియక తిన్నావు కదే? గుళ్ళో దీపం పెడితే పోతాది లే," అంది. పాపం, నా మంచిపేరును కాపాడాలనే చూసింది.

"తిన్నది తెలియక, అత్తా. మర్నాడు మళ్ళీ ఆ వీధికి పోయినది తెలిసే."

అత్త చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. కూతురు తెచ్చుకున్న అనుమతి కాగితం తీసుకుని చిన్నాన్న సంతకం పెట్టాడు.

చిన్నప్పటి నుంచీ నోరు విప్పకుండా ఉండి తెచ్చుకున్న పేరు నాది. "దాన్ని చూసి నేర్చుకోండి" అని ఇక మా ఇళ్ళలో ఏ ఆడపిల్లకూ నన్ను చూపించరు. అత్త తన పక్కన పీట వేసి కూర్చోమని పిలిచే పిలుపు కూడా ఆ పేరుతోనే పోయింది, ఆ పిలుపు కోసం మాత్రం అప్పుడప్పుడు మనసు లాగుతుంది. లాగనీ. దాని కోసం ఆ మాట వెనక్కి తీసుకోను.